వాసన రాని నైవేద్యం

దైతారికి ముక్కు మూసుకుపోయిందన్న సంగతి వీధి వీధంతటికీ తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? అతని నోట్లో 'మ' అన్న అక్షరం 'బ' అయి వచ్చేది. గుడి గుమ్మం పక్కన వత్తులూ తులసిదండలూ అమ్ముకునే ముసలామెను "జెమా మావుసీ" అని పిలవబోతే "జెబా బావుసీ" అయ్యేది. "ఒరేయ్, నా పేరు నాకివ్వరా, నువ్వు పిలిచేది ఎవత్తినో," అనేది ఆమె. పడుకుంటే అతని గురక పక్కింటి గోడ దాటేది. ఎండాకాలంలోనూ కండువా కొసతో ముక్కు తుడుచుకుంటూనే తిరిగేవాడు. అందరూ చూశారు, అందరూ నవ్వారు. ఆ ముక్కు కారణంగా మనిషి తన పొయ్యినే వదులుకుంటాడని మాత్రం ఒక్కరికీ తట్టలేదు. అందరికంటే ముందు అతనికే తట్టలేదు.

మా ఊరి జగన్నాథుడి గుడి చిన్నది. పూరీలోలాగా వరసలు వరసలు పొయ్యిలు ఇక్కడ ఉండవు. ఉన్నది ఒకటే వంటిల్లు, ఒకటే పెద్ద పొయ్యి. సువారలు, అంటే తరతరాలుగా స్వామికి వండే ఇంటివాళ్ళు, వంతులవారీగా దాని ముందు కూర్చుంటారు. దైతారి వంతు వాళ్ళ తాత నాటిది. వండేటప్పుడు ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకోవాలి. ఉప్పు చూడకూడదు, రుచి చూడకూడదు, వాసన అసలే చూడకూడదు. మొదటి వాసన స్వామిది. మట్టి అటికలు లోపలికి మోసుకెళ్ళేటప్పుడు అన్నం నుంచి ఏ వాసనా రాదని, స్వామి ఆరగించి పంపాకే గుమ్మున వస్తుందని మా వాళ్ళు చెబుతారు. ఇది నమ్మకం అని కూడా అనరు. పొద్దున్న సూర్యుడు వస్తాడన్నంత మామూలుగా అంటారు.

ఇంకొకటి ఉంది. ఆరగించి వచ్చిన ఆ అన్నాన్ని అబఢా అంటారు. దాన్ని అందరూ ఒకే వరసలో కూర్చుని, ఒకే అటికలోంచి తింటారు. ఎక్కువ తక్కువలు లేవు. కానీ తిన్నవాళ్ళెవరూ బాగుందనీ అనరు, బాగాలేదనీ అనరు. అది స్వామి పళ్ళెం. దాని మీద మాట అనడానికి నువ్వెవరు? కడుపు నిండా తిని, తల మీద చెయ్యి తుడుచుకుని లేస్తారు, అంతే.

దైతారి పెళ్ళాం సేబతి పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఒక గొంతు ఉండేది. పోయాక అతనికి మిగిలింది ఆ వంతొక్కటే. వంతు లేని రోజుల్లో కూడా పొద్దున్నే లేచి స్నానం చేసి, చేసే పనేమీ లేక గుమ్మంలో కూర్చునేవాడు. వంతు వచ్చిన రోజున మాత్రం మనిషి నడక మారిపోయేది. దాల్మా అతని చేతిదే వండాలి. కందిపప్పు, పచ్చి అరటికాయ, గుమ్మడి, కంద, చివర్న వేయించిన జీలకర్ర పొడి, కొబ్బరికోరు. అందరూ వేసేవే. అయినా అతను ఆ అటిక దించేటప్పుడు బిడ్డని ఉయ్యాల్లోంచి ఎత్తుతున్నట్టు ఎత్తేవాడు.

ఒకనాడు ఆ పొయ్యి దగ్గర ఒక తప్పు జరిగింది. వానాకాలం, కట్టెలు తడిసి పొగ. ముక్కు గుడ్డ చెమటకి జారింది. అటిక అడుగున ఏదో చిటపటమంది, పప్పు అంటుకుందేమోనన్న భయం. ఆలోచించేలోపే ఒంగి, మూత పక్కకి జరిపి, ముక్కుతో పీల్చాడు. అంటుకుందో లేదో ఆ పొగలో తెలియనే లేదు. తల ఎత్తి చూశాడు. చుట్టూ ఎవరూ లేరు. స్వామికంటే ముందు వాసన చూశాడు. గుడ్డ మళ్ళీ కట్టుకుని వంట పూర్తిచేశాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే పెద్దవాళ్ళు ఓ స్నానం చేయించి, అటిక మార్పించి ఊరుకునేవాళ్ళు. చెప్పలేదు మహానుభావుడు.

ఆ తర్వాత వచ్చిన వంతులోనో, ఆపై వంతులోనో గమనించాడు. ఆరగింపు అయి అటికలు బయటికి వస్తున్నాయి. మోసేవాళ్ళు అతని భుజం పక్కనుంచే వెళ్ళారు. వాసన రాలేదు. ఆవిరి ముఖానికి తగిలింది, వెచ్చదనం తెలిసింది, వాసన మాత్రం రాలేదు. వరసలో కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు తెలుస్తోంది, బెల్లం తెలుస్తోంది, మధ్యలో ఉండాల్సిందేదో లేదు. పక్కవాళ్ళని చూశాడు. తలలు వంచుకుని తింటున్నారు. ఎప్పుడూ అలాగే తింటారు కదా. అతని కళ్ళకి మాత్రం వాళ్ళు తప్పక తింటున్నట్టు కనిపించారు.

ముక్కు మూసుకుపోయిందని అతనికి తెలియదా అని మీరడగవచ్చు. శుభ్రంగా తెలుసు. కానీ అబఢా వాసనకి ముక్కుతో పనేమిటి? అది స్వామి అనుగ్రహం. పువ్వు వాసనా సాంబ్రాణి వాసనా ముక్కుకి తగులుతాయి, ఇది మనిషికి తగులుతుంది. చిన్నప్పటి నుంచి విన్నది అదే. వాసన రావడం లేదంటే స్వామి ఆరగించలేదన్నమాట. తను చూసిన ఆ దొంగ వాసనకి శిక్ష అన్నమాట. నాకంటే ముందు చూశావుగా, ఇక నీకు లేదు పో అన్నాడన్నమాట. లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూడండి. అంత చక్కగా కుదిరిన లెక్కని ఎవడు తిరగేసి చూస్తాడు?

ఒకసారి అనుమానం తీర్చుకుందామని తమ్ముడి వంతు రోజున వెళ్ళి నిలబడ్డాడు. తమ్ముడంటే చిన్నాన్న కొడుకు, ఆర్తత్రాణ. అతని అటికల నుంచీ ఏమీ రాలేదు. ఇక్కడైనా బుర్ర వెలగాలా? వెలగలేదు. 'నా చేతి వంటనే కాదు, నన్నే పక్కన పెట్టాడు' అనుకున్నాడు. ఇంటికి వెళ్ళి తలుపేసుకుని, గోడకి ఆనుకుని, పెద్దవాడు ఏడవకూడనంత ఏడ్చాడు.

రథయాత్ర అయిన తర్వాతి రోజుల్లో, స్వామి ఎదుట, ఊరి పెద్దల ముందు, దైతారి తన వంతుని ఆర్తత్రాణకి ఇచ్చేశాడు. చేతిలో పోకచెక్క పెట్టాడు. మాలో అది మాట. స్వామి చూస్తుండగా పోకచెక్క చేతులు మారితే ఇక అంతే, దాన్ని వెనక్కి అడిగినవాడు లేడు, ఇచ్చినవాడు లేడు.

"ఎందుకు భాయినా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు ఆర్తత్రాణ, చేతిలోని పోకచెక్క వైపు చూస్తూ.

"చేతులు బరువెక్కాయి," అన్నాడు దైతారి. 'బ' ఒక్కటే సరిగ్గా పలికింది.

ఊరు ఊరుకుంటుందా? దానకర్ణుడైపోయాడంది. ఆర్తత్రాణ లోపల్లోపల ఏదో ముట్టజెప్పాడంది. పెళ్ళాం పోయిన మనిషికి తిక్క రేగిందంది. దైతారి ఏ మాటకీ బదులు చెప్పకుండా, బావి నుంచి వంటింటి గడప దాకా నీళ్ళు మోసే పనికి కుదిరాడు. గడప దాటేవాడు కాదు. బిందె అక్కడ దించి వెనక్కి తిరిగేవాడు.

వరసలో కూర్చోవడం కూడా మానేశాడు. అదే అన్నిటికంటే పెద్ద దెబ్బ. పిలిస్తే ఆకలి లేదనేవాడు. ఇంటికెళ్ళి రాత్రి నీళ్ళలో నానబెట్టిన పఖాళ అన్నం, ఒక పచ్చిమిరపకాయ, ఉప్పు పెట్టుకుని గోడ వైపు తిరిగి తినేవాడు. అవతల గుడి మంటపంలో వందమంది ఒక్క అటికలోంచి తింటున్న చప్పుడు ఇంట్లోకి వినిపించేది. ఆ చప్పుడు వింటూ తినేవాడు. పండగల్లో చుట్టాలు పిలిచినా వెళ్ళలేదు. స్వామి వద్దన్నవాణ్ణి మనుషులు కావాలంటే మాత్రం ఏం మొహంతో వెళతాడు? జెమా మావుసి మాత్రం అతను బిందెతో పోతుంటే మసక కళ్ళతో అడుగుల చప్పుడు పోల్చుకుని కేకేసేది.

"ఎవరూ, నా పేరు ఎత్తుకుపోయినవాడేనా?"

"నేనే బావుసీ."

"ఇంకా తిరిగివ్వలేదే."

అంతే వాళ్ళ మాటలు. రోజు మొత్తంలో అతనితో ఎవరైనా మాట్లాడారంటే అవే.

అలా ఇంకెన్నాళ్ళు నడిచేదో గాని, ఒక మధ్యాహ్నం తలనొప్పి పుట్టి, దుకాణంలో ఏదో నొప్పి బిళ్ళ కొని వేసుకున్నాడు. కాసేపటికి బావిగట్టు మీద కూలబడ్డాడు. ఊపిరి అందడం లేదు, గుండెల్లో ఈలలు. జెమా మావుసి వత్తుల బుట్ట వదిలేసి అరిచింది. ఆర్తత్రాణ తడిబట్టల మీదే పరిగెత్తుకొచ్చి ఆటోలో వేసుకుని పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. మందుపొగ పట్టి ఊపిరి దారికి తెచ్చాక, ముక్కుతో మాట్లాడుతున్న ఈ మనిషిని ముక్కు డాక్టరుకి చూపించమన్నారు.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది, మాట మాత్రం పెద్దరికం. అతన్ని మౌసా అంది, బాబాయ్ అన్నట్టు. దీపం ఉన్న సన్నటి గొట్టం ముక్కులోకి పోనిచ్చి, తెర మీద చూపించింది. రెండు వైపులా పాలిపోయి, నిగనిగలాడుతూ, తొక్క తీసిన ద్రాక్షపళ్ళ గుత్తిలా వేలాడుతున్నాయి. అంతకాలం తన ముఖంలో అవి కాపురం ఉన్నాయంటే దైతారికి నమ్మబుద్ధి కాలేదు.

"బాంసబా?" అన్నాడు భయంగా. మా వైపు ముక్కులో మాంసం పెరిగింది అనే అంటారు. సువార ముక్కులో మాంసమంటే ఇక వీధిలో తలెత్తుకున్నట్టే.

"మాంసం కాదు మౌసా. ముక్కు లోపలి పొర వాచి, జారి, తిత్తుల్లా అయింది. కేన్సరు కాదు. నొప్పి ఉండదు, అందుకే ఏళ్ళ తరబడి పెంచి పోషించావు. ఆయాసం ఉన్నవాళ్ళలో కొందరికి ఇవీ వస్తాయి, నువ్వు వేసుకున్నలాంటి నొప్పి బిళ్ళలూ పడవు. ఇంకెప్పుడూ నా మాట తీసుకోకుండా నొప్పి బిళ్ళ మింగకు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఈ సంగతి ముందు చెప్పు. సరే, వాసన తెలుస్తుందా?"

"వాసన లేదు."

"ఎప్పటి నుంచి తెలియడం లేదు?"

"నాకు తెలియక కాదు. అన్నానికే వాసన లేదు."

ఆమెకి అర్థం కాలేదు. కళ్ళు మూసుకోమని, ఏదో సీసా మూత తీసి ముక్కు కింద పెట్టింది. "ఇదేమిటో చెప్పు."

"లేదే. ఉత్త సీసా."

"లవంగాల నూనె మౌసా. పక్క గదిలో ఉన్న మీ తమ్ముడు కూడా చెప్పగలడు."

దైతారి కళ్ళు తెరిచాడు. సీసా వైపు చూశాడు. మళ్ళీ ఇమ్మని తనే తీసుకుని, చూరు నీళ్ళు దోసిట పట్టినట్టు రెండు చేతులా ముఖం దగ్గర పెట్టుకుని పీల్చాడు. ఏమీ లేదు.

"దీన్ని ఏ దేవుడికైనా పెట్టారా?" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వింది. "దీనికి దేవుడెందుకు? మూత తీస్తే చాలు."

పాపం ఆమె మామూలుగా అన్నది. దైతారి మాత్రం సీసాని కిందా మీదా తిప్పి చూశాడు. లవంగాల నూనె ఏ స్వామీ ఆరగించనిది, ఏ స్వామీ కాదననిది. దానికీ వాసన లేదు. అంటే లేనిది వాసన కాదు. తన అటికలకి ఏమీ కాలేదు. స్వామి అన్ని వంతుల్లోనూ ఆరగించాడు, అన్ని వంతుల్లోనూ వాసన వచ్చింది, వందమంది పీల్చారు, పీల్చలేనివాడు ఒక్కడే. ఆ ఒక్కడే వెళ్ళి పోకచెక్క ఇచ్చేశాడు.

సంతోషించాలి కదా మరి. స్వామి వదిలేయలేదని తెలిసింది, ఎగిరి గంతెయ్యాలి. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఇంత ఒంటరితనం పడింది శిక్షగా అయినా కాదు, ఉత్తపుణ్యానికి. శిక్ష అయితే పెట్టినవాడొకడు ఉండేవాడు. ఇప్పుడు ఎవరి మీద అలగాలి?

మొదట కొన్నాళ్ళు బిళ్ళలూ, ముక్కులో కొట్టుకునే మందూ ఇచ్చారు. కాస్త కరిగాయి గాని పూర్తిగా పోలేదు. ఆపరేషన్ చేసి తీశారు. కోత బయటికి కనపడదు, ముక్కులోంచే పని. డాక్టరమ్మ వెళ్ళేటప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. "తీసేశాం కదా అని మరిచిపోకు మౌసా. ఇవి మళ్ళీ పెరిగే రకం. రోజూ కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కో. ఆ తర్వాత తల కొంచెం వంచి, నడిమి గోడకి కాకుండా బయటి వైపుకి, చెవి వైపుకి తిప్పి మందు కొట్టుకో. పళ్ళు తోముకోవడం ఎలా మానవో ఇదీ అంతే. పొగకి దూరంగా ఉండు. వాసన మెల్లగా రావచ్చు, సగమే రావచ్చు. నేను మాటివ్వలేను."

ఇంటికొచ్చిన మర్నాడే దైతారి, ఆర్తత్రాణ ఇంటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. మొదలు నుంచి చివరి దాకా చెప్పాడు, దొంగ వాసనతో సహా. ఆర్తత్రాణ వింటూ వింటూ మెట్టు మీద కూలబడ్డాడు.

"ఇంత మనసులో పెట్టుకుని నీళ్ళు మోశావా భాయినా? నన్నొక్క మాట అడగలేకపోయావా?"

"ఏమని అడగను? నా అన్నం స్వామి తిన్నాడా అనా?"

దైతారి అడగాల్సింది అడగలేదు, అతను వచ్చింది దానికేనని ఆర్తత్రాణకి తెలుసు.

"స్వామి చూస్తుండగా నా చేతిలో పెట్టావు," అన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా. "నేను తిరిగిస్తే ఇచ్చినది కాదన్నట్టు. నువ్వు తీసుకుంటే ఆడిన మాట తప్పినట్టు. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావో."

తమ్ముడన్నది నిజమే. అతను కూడా అదే గుడివాడు, అదే మాట మీద పెరిగినవాడు. పైగా ఆ పొయ్యి పొగ ఇప్పుడు తన ముక్కుకి పనికిరాదు. దైతారి లేచి, తమ్ముడి తల మీద చెయ్యి వేసి, బిందె తీసుకుని బావి వైపు వెళ్ళాడు.

'మ' తిరిగొచ్చింది. జెమా మావుసి పేరు ఆమెకి దక్కింది. వాసన మాత్రం ఎంతకీ రాలేదు. రోజూ ఉప్పునీళ్ళు, రోజూ మందు. వచ్చినప్పుడు కూడా మొదట వచ్చింది ఏమిటనుకున్నారు? మా వీధి మురిక్కాలవ. ఒక పొద్దున బిందె భుజాన పెట్టుకుని పోతూ ఠక్కున ఆగి, ముక్కు ఎగబీల్చి, కాలవ గట్టునే నిలబడిపోయాడు, మొహం వెలిగిపోతూ. దారిన పోయేవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. పాపం, మెదడుకి కూడా ఏదో చేసి పంపారన్నారు.

ఆ తర్వాత ఒకటొకటే. తడిసిన మట్టి. తన దిండు, ఛీ. ఆర్తత్రాణ వంతు వచ్చిన రోజున దైతారి నీళ్ళు దించేసి వెళ్ళిపోలేదు. మంటపం స్తంభం పక్కన నిలబడ్డాడు. లోపల గంట మోగింది, ఆరగింపు అయింది. అటికలు బయటికి వచ్చాయి. అన్నం, నెయ్యి, జీలకర్ర, కొబ్బరి. పూర్తిగా కాదు, తలుపు సందులోంచి వచ్చినంత. కానీ వచ్చింది. స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు, కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఎవరూ పిలవకుండానే వెళ్ళి వరసలో కూర్చున్నాడు. పక్కవాడు కొంచెం జరిగి చోటిచ్చాడు. తిన్నాడు.

తిన్నాక గుమ్మం దగ్గరికి వచ్చి, జెమా మావుసి బుట్ట పక్కన చతికిలబడ్డాడు.

"ముక్కు కడుక్కున్నావా?" అంది ఆమె. ఇప్పుడు అదే ఆమె పలకరింపు.

"కడుక్కున్నా మావుసీ. వాసన వచ్చింది ఇవాళ."

"ఆర్తత్రాణదా? వాడిది మంటపం దాటి రాదు. నీదైతే నా బుట్ట దాకా వచ్చేది." ఆమె వత్తులు పేనుతూనే అంది. "నాకా కళ్ళు కనపడవు. ఎవరి వంతో వాసన చూసే చెప్పుకునేదాన్ని. నువ్వు పొయ్యి వదిలేశాక నీ వంతు రోజున ఆకలేసేది కాదు నాకు."

దైతారి ఆమె వైపు తిరిగాడు.

"చెప్పలేదేం మావుసీ? రోజూ ఇటే కదా పోయేవాణ్ణి."

"అబఢా బాగుందని ఎవరైనా అంటారట్రా?" అంది ఆమె చేతులాపి. "అయినా వండినవాడికి తెలియదని నేనెలా అనుకుంటాను?"

గుడిలో ఊడుస్తున్న చప్పుడు. తిన్నవాళ్ళు ఒకరొకరే చెయ్యి తల మీద తుడుచుకుంటూ వెళ్ళిపోతున్నారు. దైతారి మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చున్నాడు.

"ఎలా ఉండేదో చెప్పు," అన్నాడు.

"చెప్పకూడదు."

"అది ఎప్పుడో తిన్నది మావుసీ. ఇప్పుడు అన్నం కూడా కాదు."

ముసలామె ఆలోచించింది. నిజమే అనుకున్నట్టుంది. వత్తులు బుట్టలో పెట్టి, మసక కళ్ళు గుడి వైపు తిప్పింది. మొదట జీలకర్ర వచ్చేదని, దాని వెనక నెయ్యి నెమ్మదిగా వచ్చేదని, అన్నిటికంటే చివర్న, అటికలు గుమ్మం దాటి పోయాక కూడా, కాల్చిన మట్టి వాసనతో కలిసి గుమ్మడికాయ తీపి ఒకటి గాలిలో ఉండిపోయేదని, తను దాని కోసమే ఎండలో అక్కడ కూర్చునేదాన్నని, ఒకటొకటిగా చెప్పుకుంటూ పోయింది. దైతారి తన చేతి వంట వాసనని అలా కూర్చుని విన్నాడు. ఆమె ఆపితే, "ఇంకా?" అన్నాడు.